చెర్నోబిల్ సంస్మరణకు చోటు కోరుతూ మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

కెనడాలోని మీ నగరంలో స్థిరపడిన తెలుగువారం. చెర్నోబిల్ సంస్మరణకు చోటు ఇవ్వాలంటూ ఉక్రెయిన్, బెలారస్‌ల నుంచి వచ్చిన మా పొరుగువారు చేసిన విన్నపాలకు మీ కార్యాలయం నుంచి జవాబు రానందున, నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాం.

1986 ఏప్రిల్ 26న, అర్ధరాత్రి దాటాక 1:23 గంటలకు ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలింది. అగ్నిమాపక సిబ్బంది, ప్లాంటు ఉద్యోగుల్లో 28 మంది తీవ్ర రేడియేషన్ ప్రభావంతో ఆ ఏడాదే మరణించారు. మూడు రోజుల్లో తిరిగి రావచ్చన్న మాట నమ్మి, ముఖ్యమైన పత్రాలూ కాస్త తిండీ పట్టుకుని బస్సులెక్కిన, ప్లాంటు పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణ వాసులు సుమారు 49,000 మంది మళ్లీ ఆ ఇళ్లలో కాపురం చేయలేదు. రేడియోధార్మిక అయోడిన్ కలిసిన పాలు తాగిన పిల్లల్లో ఎందరికో తర్వాతి ఏళ్లలో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ప్లాంటు చుట్టూ ఉన్న నిషేధిత ప్రాంతంలోని తమవారి సమాధుల దగ్గరికి వెళ్లాలన్నా అనుమతిపత్రం కావలసిన మా పొరుగింటి వృద్ధులకు, ఇక్కడ కలిసి కొవ్వొత్తి వెలిగించే చోటైనా లేకపోవడం మమ్మల్ని కలచివేస్తోంది.

ఏప్రిల్ 26ను ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2016లోనే అంతర్జాతీయ సంస్మరణ దినంగా ప్రకటించింది. కనుక ఏటా ఏప్రిల్ 25 రాత్రి నుంచి మరునాటి ఉదయం వరకు నగర కార్యాలయం ఎదుటి మైదానాన్ని రుసుము లేకుండా వారికి కేటాయిస్తూ, రానున్న వార్షికోత్సవానికి ముందే రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
నగర తెలుగు కుటుంబాలు