దొంతరలో పైనున్నదే ముందు

సంపాదకులకు నమస్కారం.

మా మనవడి ఎలుగుబంటి చావలేదు. చచ్చిందని తీర్పు చెప్పారు. ఆ తీర్పు తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఎలుగుబంటి అంటే ఒక కార్డు. ‘మేజిక్: ది గ్యాదరింగ్’ అనే ఆటలోది. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణిత పండితుడు తయారు చేసిన ఆట అది. బెంగళూరు నుంచి మా కోడలి తమ్ముడు తెచ్చిచ్చిన పెట్టెతో కావలిలో మా ఇంటికీ వచ్చింది. ఒక్కొక్కరికి 20 ప్రాణాలు, కనీసం 60 కార్డుల కట్ట, మొదట చేతిలోకి 7 కార్డులు. జీవుల కార్డులుంటాయి, మంత్రాలుంటాయి, మంత్రం వెయ్యడానికి శక్తినిచ్చే భూములుంటాయి. గుడి మండపం బండల మీద పులిజూదం ఆడిన మా తరానికి నీ ఎత్తు నీది, నా ఎత్తు నాది. ఇందులో అలా కాదు. నా వంతు నడుస్తుండగానే ఎదుటివాడు మంత్రం వెయ్యొచ్చు. తగువంతా అక్కడే పుడుతుంది.

మొన్న వేసవి సెలవుల్లో మా ఊళ్లో ఒక బడిలో పోటీ పెట్టారు. మావాడి ముందు గ్రిజ్లీ బేర్స్ అనే కార్డుంది. బలం 2, ఓర్పు 2, అంటే ఒక వంతులో 2 దెబ్బలు తగిలితే చస్తుంది. ఎదుటి పిల్లవాడు దాని మీద లైట్నింగ్ బోల్ట్ వేశాడు. పిడుగు, 3 దెబ్బలు. మావాడు వెంటనే జైంట్ గ్రోత్ వేశాడు. దాంతో ఆ వంతు ముగిసేదాకా ఎలుగు బలానికి 3, ఓర్పుకు 3 కలుస్తాయి. తీర్పు చెప్పే పెద్దమనిషి “పిడుగు ముందు పడింది, చచ్చినదానికి బలమెందుకు?” అని ఎలుగును తీయించేశారు. ఆ తర్వాత కాసేపటికే ఆట పోయింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు పిల్లవాడు. “ఏంది తాతా, నేను టైముకే వేశాగా” అన్నాడు.

నిజం చెప్పాలంటే మొదట నేనూ ఆ పెద్దమనిషి పక్షమే. ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసినవాణ్ణి. ఒకే పొలాన్ని ఇద్దరికి రాసిస్తే ముందు రాయించుకున్నవాడి హక్కే పైన నిలుస్తుందని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 48వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టరైన దస్తావేజు రిజిస్టరైన రోజు నుంచి కాదు, రాసుకున్న రోజు నుంచే అమల్లోకి వస్తుందని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్. ముందున్నదానికే బలం అన్న మాట నా నరనరానా ఇంకిపోయింది. కానీ పిల్లవాడి ముఖం చూడలేక కోడలి ఫోన్లో ఆ ఆట నిబంధనలు తెరిపించుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. వందల పేజీలు. మన చట్టాల్లోలాగే ప్రతి నిబంధనకూ ఒక అంకె. చదివాక నా మాట వెనక్కి తీసుకున్నాను.

మంత్రం వెయ్యడం వేరు, పారడం వేరు. వేసిన మంత్రం వెంటనే పారదు. ముందు ‘స్టాక్’ అనే చోట కూర్చుంటుంది. దాన్ని నేను దొంతర అంటాను. పెళ్లింట్లో కడిగిన కంచాలు ఒకదాని మీద ఒకటి పెడతారే, అది. చివర పెట్టిన కంచమే ముందు చేతికొస్తుంది. పిడుగు దొంతరలో అడుగున ఉంది, బలం మంత్రం దాని మీద పడింది. కాబట్టి ముందు పారాల్సింది బలం మంత్రం. ఎలుగు బలం 5, ఓర్పు 5 అవుతుంది. అప్పుడు పిడుగు పడుతుంది. 5 ఓర్పున్నదాన్ని 3 దెబ్బలు చంపవు.

మరి ఆ వంతు చివర బలం దిగిపోయాక 2 ఓర్పు మీద 3 దెబ్బలు మిగిలి చస్తుందేమోనని మావాడే అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! దానికీ జవాబుంది. వంతు చివర ‘క్లీనప్’ అనే ఘట్టంలో దెబ్బలు చెరిగిపోవడం, బలం దిగిపోవడం ఒకేసారి జరుగుతాయి. ఒకటి ముందు, ఒకటి వెనక కాదు. ఎలుగు బతికే ఉంటుంది.

అవే రెండు కార్డులు తిరగేసి చూడండి. మావాడు ముందుగా బలం మంత్రం వేసి, అది పారకముందే ఎదుటివాడు పిడుగు వేసి ఉంటే పైనున్న పిడుగే ముందు పారుతుంది. 2 ఓర్పున్న ఎలుగు చస్తుంది. గురి పెట్టిన జీవి లేదు కనక బలం మంత్రం వృథా. ఆ పెద్దమనిషి చెప్పిన తీర్పు ఈ సందర్భానికి సరిపోయేది. అందుకే కార్డులు చూసి తీర్పు చెప్పడం చాలదు. ఎవరు ఏది ఎప్పుడు వేశారో ఇద్దరు పిల్లల్నీ అడగాలి. ఆ రోజు అడగలేదు. నాకు బాధ కలిగించింది ఓడిపోవడం కాదు, అడగకపోవడం.

పిల్లలు ఎక్కువగా తడబడే చోట్లు ఇంకొన్ని కనిపించాయి. సోర్సరీ అనే రకం మంత్రం సొంత వంతులో, ప్రధాన ఘట్టమైన మెయిన్ ఫేజ్‌లో, దొంతర ఖాళీగా ఉన్నప్పుడే వెయ్యాలి. ఆఫీసు వేళల్లోనే పట్టుకెళ్లాల్సిన కాగితం లాంటిది. ఇన్‌స్టంట్ అలా కాదు, ప్రయారిటీ, అంటే మంత్రం వేసే అవకాశం, చేతికొచ్చిన ఏ వేళైనా చెల్లుతుంది. ఆ ప్రయారిటీ మొదట వంతు నడుస్తున్నవాడిది. ఇద్దరూ వరసగా “నాకేం లేదు” అంటేనే దొంతరలో పైనున్న ఒక్కటి పారుతుంది. తర్వాత మళ్లీ ఇద్దరికీ అవకాశం వస్తుంది. మొత్తం దొంతర ఒక్క ఊపున ఖాళీ చేసేస్తున్నారు మా పిల్లలు. అది తప్పు.

“తర్వాతి ఎండ్ స్టెప్ మొదలయ్యేటప్పుడు ఈ జీవి పోతుంది” అనే తరహా మాటలు కొన్ని కార్డుల మీద ఉంటాయి. ఎండ్ స్టెప్ అంటే వంతు చివర, క్లీనప్‌కు ముందు వచ్చే ఘట్టం. ఆ మంత్రాన్ని ఎండ్ స్టెప్ నడుస్తుండగానే వేస్తే? ఆ స్టెప్ మొదలు అప్పటికే దాటిపోయింది. జీవి తర్వాతి వంతు ఎండ్ స్టెప్ దాకా ఉంటుంది. ఇది నాకు చప్పున అర్థమైంది. ఉగాది నాడే రాసిన కౌలు కాగితంలో “వచ్చే ఉగాదికి పొలం ఖాళీ చెయ్యాలి” అని ఉంటే ఆ సాయంత్రమే ఖాళీ చెయ్యమని కాదుగదా.

పాత కార్డుల సంగతీ చెప్పాలి. మొదట్లో ‘ఇంటరప్ట్’ అని ఇంకో రకం ఉండేది. 1999లో ఆరో ఎడిషన్ నిబంధనలతో ఇప్పటి దొంతర పద్ధతి వచ్చి, ఇంటరప్ట్‌లన్నీ ఇన్‌స్టంట్‌లయ్యాయి. పాత కార్డు మీద అచ్చులో పాత మాటే ఉన్నా, చెల్లేది ‘ఒరాకిల్’ అని వాళ్లు ప్రకటించే తాజా పాఠమే. మా భాషలో సవరణ దస్తావేజు.

పోయిన ఆట ఫలితం మార్చమని అడగడం లేదు. దసరా సెలవుల్లో మళ్లీ పోటీలు పెట్టేవారు తీర్పు చెప్పే ముందు కార్డు మీది మాటలు పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పి, ఇద్దరు పిల్లల్నీ అడగాలని కోరుతున్నాను. అధికారిక పోటీల్లో ఒక జడ్జి తీర్పు నచ్చకపోతే హెడ్ జడ్జికి చెప్పుకునే వీలుంది. చిన్న ఊళ్ల పోటీల్లోనూ అలా చెప్పుకోవడానికి ఇంకొక పెద్దను పెట్టడం కష్టమేమీ కాదు.

మీ ఆదివారం పిల్లల పేజీలో వీలైతే వెయ్యమని, ఒక వంతులోని ఘట్టాలన్నిటికీ తెలుగు మాటలు రాసిన కాగితం దీనితో జతచేస్తున్నాను. మా మనవడు దిద్దాడు. క్లీనప్‌కు నేను రాసిన ‘శుద్ధి ఘట్టం’ కొట్టేసి ‘సర్దుడు’ అని రాశాడు. అదే ఉంచండి.

ఇట్లు
విశ్రాంత దస్తావేజు లేఖరి,
కావలి, నెల్లూరు జిల్లా