విత్తనాల పొట్లం మీద మొక్క తీరు కూడా అచ్చు వేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో బాల్కనీ తోటల మీద వేసిన వ్యాసం చదివాను. వేలాడే కుండీలోంచి ఎర్రటి టమాటాలు గుత్తులుగా దిగుతున్న ఫొటో చాలా బాగుంది. ఆ మొక్క ఏ రకమో మాత్రం ఎక్కడా లేదు. "ఏదైనా చెర్రీ టమాటా విత్తనం వేసుకోవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అలా కుదరదండీ.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది రెండో అంతస్తులో అద్దె వాటా. మేడ మీద కుండీలు పెడితే శ్లాబు కారుతుందని ఓనరుగారి భయం, వరండాలో చూస్తే బట్టలారేసుకోడానికే చోటు సరిపోదు. కాకపోతే ఎప్పుడో ఉయ్యాల బల్ల కోసం శ్లాబులో దింపిన ఇనప కొక్కేలు ఉన్నాయి. వాటికే కొన్నేళ్లుగా టమాటా వేలాడదీస్తున్నాను.

టమాటాలో తీగలా సాగిపోయేవి ఉన్నాయి, గుబురుగా పెరిగి ఆగిపోయేవి ఉన్నాయి, కొమ్మలు కిందికి వాలేవి ఉన్నాయి. మన దగ్గర చెర్రీ టమాటా పేరుతో అమ్మేవాటిలో చాలావరకు తీగ రకాలే. పాలీహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పందిళ్లలో, తాడు కట్టి పైకి పాకించేవి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన చెర్రీ రకమూ అలాంటిదే. దాన్ని తెచ్చి వేలాడే కుండీలో పెడితే కొమ్మ కొంత దూరం వంగుతుంది, చివర మాత్రం మళ్లీ వెలుతురు కోసం పైకి లేస్తుంది. కాయలు బరువెక్కేసరికి కుండీ అంచు దగ్గర కాడ మడత పడుతుంది. నవంబరులో ఒక వాయుగుండం గాలి చాలు, అక్కడికక్కడ పుటుక్కుమంటుంది.

కిందికి వాలే రకాలు వేరే. ఇంగ్లండులో వేలాడే బుట్టల్లో ఎక్కువగా వేసే టంబ్లర్, టంబ్లింగ్ టామ్ అలాంటివి. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన పొట్లంతోనే నేను మొదలుపెట్టాను. వీటి కాడ సన్నగా, మెత్తగా ఉంటుంది. నాలుగైదు ఆకులు రాగానే పక్క కొమ్మలు బయలుదేరి, అంచు దాటి, మూరెడు కిందికి దిగుతాయి. పూత అంతా ఆ కొమ్మలకే. మీ వ్యాసంలో పక్క కొమ్మలు గిల్లేయమన్నారు. అది తీగ రకానికి చెప్పే మాట. వీటికి గిల్లితే కాపుని గిల్లినట్టే. ఎక్కడైనా ఒక కొమ్మ విరిగితే పారేయక్కర్లేదు, గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి, ఇంకో కుండీ తయారు.

అసలు టెన్షన్ నీళ్ల దగ్గర. నేల మీద కుండీకి ఎండ ఒక పక్క నుంచి తగిలితే వేలాడేదానికి గాలి చుట్టూరా కొడుతుంది. పొద్దున పోసిన నీళ్లు ఫిబ్రవరి నెలాఖరుకే సాయంత్రం దాకా ఆగవు. కుండీ మట్టిలో కలిపే కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ నీళ్లు పట్టుకోదు. పైన పోసింది పోసినట్టు పక్కల నుంచి జారి కింది వాటా వాళ్ల బట్టల మీద పడుతుంది (ఆ గొడవ వేరే ఉత్తరం రాయాలి). అప్పుడు కుండీ దింపి బకెట్లో బుడగలు ఆగేదాకా ముంచడమే మార్గం. ఒకరోజు ఎండగట్టి మర్నాడు గుమ్మరిస్తే కాయ పగులుతుంది. కాయ అడుగున నల్లటి మచ్చ పడేది కూడా ఎక్కువగా ఇందుకే. నీళ్లు సరిగా అందకపోతే మట్టిలో కాల్షియం ఉన్నా కాయ దాకా చేరదు. కోడిగుడ్డు పెంకులు చల్లమనేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అవి కరిగేలోపు కాపే అయిపోతుంది.

బరువు సంగతి కూడా రాయాల్సింది. మొక్కకి కనీసం 12 అంగుళాల కుండీ, 8 నుంచి 10 లీటర్ల మట్టి మిశ్రమం కావాలి. తడిస్తే పది కిలోలకు అటూఇటూ తూగుతుంది. కుండీతో వచ్చే ప్లాస్టిక్ కొక్కెం ఒక్క వేసవికే పెళుసెక్కుతుంది. తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన జీఐ ఇనప వైరు కట్టుకోవాలి.

ఇక కాలం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయక పూత రాలిపోతుంది. అందుకే మా గోదావరి గట్టున ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు తింటాం. ఏప్రిల్లో మొక్క పచ్చగా ఉన్నా కాయ నిలవదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి రెండొందల వైపు పరిగెత్తినప్పుడు చాలామంది నన్ను "మీకేం, కుండీలున్నాయి" అన్నారు. ఆ నెలలో నా కుండీల్లో ఒక్క పిందె లేదు. పప్పులోకి మాకూ బజారు టమాటాయే. ఇది మనవరాలు స్కూలు నుంచి రాగానే కోసుకుని తినే సరదా పంట, అంతే.

ఇప్పుడు నా విన్నపం. విత్తనాల పొట్లం వెనక్కి తిప్పి చూడండి. లాట్ నంబరు ఉంటుంది, పరీక్ష చేసిన తేదీ ఉంటుంది, మొలక కనీసం 70 శాతం, శుద్ధత 98 శాతం అని ఉంటుంది. చట్టం అడిగింది కాబట్టి అవన్నీ వేస్తారు. మొక్క పైకి పాకుతుందా, గుబురుగా ఆగుతుందా, కిందికి వాలుతుందా అన్నది వేయరు. రైతుకి డీలరు చెబుతాడు. బాల్కనీలో ఒక కుండీ పెట్టుకునేవాడికి ఎవరు చెబుతారు? ఒక చిన్న బొమ్మ, విత్తే నెల, కుండీ సైజు వేస్తే కంపెనీలకి పోయేదేమీ లేదు.

మాకు పక్కనే కడియం ఉంది. అక్కడి నర్సరీల్లో వేలాడే బుట్టల్లో పూలమొక్కలు బారులు తీరి ఉంటాయి. టమాటా నారు కూడా రకం పేరుతో చీటీ కట్టి అమ్మితే కొనేవాళ్లున్నారు. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారు కోస్తా వేడికి కాస్త తట్టుకుని కిందికి వాలే చిన్నకాయ రకం ఒకటి చూసిపెడితే మరీ మంచిది. దాని మీద అక్కడి శాస్త్రవేత్తల చేత జూలైలోగా, అంటే నారు పోసే ముందే, మీ పత్రికలో ఒక వ్యాసం రాయించగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
దానవాయిపేట, రాజమహేంద్రవరం