రంగుల అడవికి గుంపుగా బయలుదేరే ముందు

సంపాదకుల వారికి,

ఆకులు రంగులు మారే కాలంలో మోటార్‌సైకిళ్లపై గుంపుగా అడవి దారుల్లో తిరిగి రావడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఉత్సాహం కలిగించింది. అయితే దారి అందాలకు అందులో దక్కిన చోటు, ముందస్తు ఏర్పాట్లకు దక్కలేదు. ఇలాంటి యాత్రను రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడపగలం అన్న లెక్కతో కాక, ఎక్కడెక్కడ ఆగుతాం అన్న లెక్కతో వేసుకోవాలని నా అభిప్రాయం. కారులో పక్క సీటులో కూర్చున్నవారు కొండలను చూస్తూ పోవచ్చు గాని, గుంపులో బండి నడిపేవారికి దారి మీద నుంచి చూపు తిప్పే వీలే ఉండదు. ఆగకుండా సాగితే రోజంతా వారికి కనిపించేది ముందు బండి వెనక దీపమే. హెల్మెట్‌కు కెమెరా బిగించుకున్నవారు ఈ మాట ఒప్పుకోరని తెలుసు.

తేదీని నెలల ముందే ఖరారు చేసుకోవడంతోనే చాలా గుంపులకు చిక్కులు మొదలవుతాయి. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఆకుల్లోని పత్రహరితం క్షీణించి, దాని చాటున ఉన్న పసుపు బయటపడడం ఏటా దాదాపు ఒకే వేళకు జరుగుతుంది. మేపుల్ చెట్ల ఎరుపు మాత్రం ఆ ఏటి వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ఎండ కాసే పగళ్లు, గడ్డకట్టనంత మేరకు చల్లని రాత్రులు వరసగా వస్తే, ఆకుల్లో నిలిచిపోయిన చక్కెరల ఆధారంగా ఆ రంగు కొత్తగా తయారవుతుంది. మబ్బులు కమ్మిన ఏడాది అది వెలవెలబోతుంది, గట్టి గాలివాన ఒక్కటి వచ్చిందంటే కొమ్మలే మిగులుతాయి. కాబట్టి రెండు వారాంతాలను అట్టిపెట్టుకుని, రద్దుకు వీలున్న గదులే మాట్లాడుకుని, వారం ముందు తుది నిర్ణయం తీసుకోవడం మేలు. రంగు ఎత్తైన చోట్ల మొదలై కిందికి దిగుతుంది గనుక, ఎత్తుపల్లాలున్న దారిని ఎంచుకుంటే ఆ రోజున ఏదో ఒక మజిలీలో అది దొరికే అవకాశం ఎక్కువ. అమెరికాలోని బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఇందుకు మంచి ఉదాహరణ. 755 కిలోమీటర్ల ఆ దారి సుమారు 200 మీటర్ల ఎత్తు నుంచి 1,845 మీటర్ల దాకా ఎక్కుతుంది, అక్కడి రంగులు సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి రోజుల దాకా చోటు మారుతూ సాగుతాయి. 2024లో హెలీన్ తుపాను తర్వాత ఆ దారిలో చాలా భాగాలను మూసివేశారు. అందువల్ల బయలుదేరే ముందు దారి తెరిచి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక గుంపు. అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ ఐదు నుంచి ఏడు బళ్లు అనువైన సంఖ్య అంటుంది. ఇరవై మంది వస్తామంటే మూడు గుంపులు చేసి, ఒక్కోదానికి ముందు నడిచేవారిని, చివర నడిచేవారిని వేరుగా నియమించాలి. బాగా అనుభవమున్నవారు ఆ రెండు చోట్లా ఉండి, కొత్తవారిని ముందువారి వెనకనే నడిపించడం పద్ధతి. నేరుగా ఉన్న దారిలో ఎడమకొకరు కుడికొకరుగా సాగుతూ, తమ వరసలోని ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరం పాటించాలి. మలుపుల్లో మాత్రం ఒకరి వెనక ఒకరుగానే వెళ్లాలి. ప్రతి కూడలిలోనూ ఎవరికి వారు తమ వెనక వచ్చే బండి కనిపించే దాకా ఆగాలన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే, వెనకబడినవారు అందుకోవాలన్న ఆత్రంతో మలుపుల్లో తొందరపడరు. పెట్రోలు మజిలీలను అందరిలోకీ చిన్న ట్యాంకున్న బండిని బట్టి నిర్ణయించాలి. ఉదాహరణకు, అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న కాంకమాగస్ హైవేలో దాదాపు 55 కిలోమీటర్ల పొడవునా పెట్రోలు బంకు ఒక్కటీ లేదు.

ఏ ఆకులను చూడ్డానికి వెళ్తామో, ఆ ఆకులే రాలి దారిని ప్రమాదకరం చేస్తాయి. తడిసిన ఆకుల పొర మీద టైరుకు పట్టు ఉండదు. దాని కింద గుంట ఉందో, కంకర ఉందో కనిపించదు. మలుపులో అలాంటి చోటు ఎదురైతే హఠాత్తుగా బ్రేకు వేయకుండా ఉండాలంటే, మలుపుకు ముందే వేగం తగ్గించి ఉండాలి. చెట్ల నీడలో దారి మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది. పైగా అది జింకలు జతకట్టే కాలం, తెల్లవారుజామునా సంధ్యవేళా అవి దారికి అడ్డం పడతాయి.

చలిని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. గాలి 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో సాగితే ఒంటికి తగిలేది దాదాపు 4 డిగ్రీల చలి. వేళ్లు కొయ్యబారినవారు బ్రేకు, క్లచ్చి సరిగా పట్టలేరు. 45 డిగ్రీల అక్షాంశ ప్రాంతాల్లో ఆ రోజుల్లో పగలు రోజుకు మూడు నిమిషాల చొప్పున తగ్గిపోతుంది గనుక, వేసవిలో ఒక రోజులో తిరిగినంత దూరం అప్పుడు తిరగలేము. దూరాన్ని మూడో వంతు తగ్గించి, మిగిలిన వేళను మజిలీలకు ఇవ్వాలంటాను. వాలిన ఎండలో ఆకులు బాగా కనిపించేదీ, అదే ఎండ కళ్లలో కొట్టి దారి కనిపించనిదీ సాయంత్రమే; ఆ గంటకు బళ్లు ఆపి ఉండేలా చూసుకుంటే సరి.

వారాంతాల్లో దారి పక్క చూపరుల చోట్లు కార్లతో నిండిపోతాయి; ఏడు బళ్లకు ఒకేచోట స్థలం దొరకడం కష్టం. మీ పత్రిక ఈ విషయంపై మరో వ్యాసం వేస్తే, ఏ దారిలో ఎక్కడ బళ్లు ఆపుకోవచ్చో, పెట్రోలు ఎక్కడ దొరుకుతుందో తెలిపే పటాన్ని కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు