2021 డిసెంబర్ డిస్నీ ట్రిప్పులు: భోజనాల దగ్గర మేం ఏం మార్చామంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం. (2021 నవంబర్‌లో, కోవిడ్ రోజుల్లో మా ట్రావెల్ సంస్థ రాసిన ఉత్తరం ఇది; ఇందులోని రూళ్లు, తేదీలు, ఏర్పాట్లు అప్పటివి.)

2021 నవంబర్ 8న ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద అమెరికా కోవిడ్ ఆంక్షలు ఎత్తేసింది. టీకా పూర్తయి, బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు చేయించిన టెస్టు నెగెటివ్ వస్తే రావచ్చన్నది అప్పటి రూలు. అంతకు అయిదు రోజుల ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను తన జాబితాలో చేర్చింది కాబట్టి ఆ టీకా వేసుకున్న అమ్మానాన్నలకూ దారి తెరుచుకుంది. అప్పటినుంచి క్రిస్మస్ సెలవులకు ఆర్లాండో ప్యాకేజీలు అడిగేవాళ్లు బాగా పెరిగారు. చాలా బుకింగుల్లో ఒకవైపు అరవై దాటిన పెద్దవాళ్లు, ఇంకోవైపు ఈ నెలలోనే మొదటి డోసు వేసుకున్న పిల్లలు, లేదంటే టీకా వయసే రాని చంటివాళ్లు ఉంటున్నారు. అందుకే ఆర్లాండోలో ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో భోజనాలు ప్లాన్ చేసే పద్ధతి మార్చాం. ఇకనుంచి ముందు కుర్చీ ఎక్కడ వేసి ఉందో చూస్తాం, మెనూ ఆ తర్వాతే.

ఎందుకో చెప్తాం. 2021 జూలై 30 నుంచి డిస్నీలో రెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ లోపలి చోట్ల మాస్కు పెట్టుకోవాల్సి వచ్చేది. లోపలి రైడ్లు, షాపులు, బస్సులు, మోనోరైల్ అన్నిటికీ అదే రూలు. రైడ్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అదీ మాస్కుతోనే. పార్కు మొత్తంలో జనం మాస్కు తీసి, నాలుగు గోడల మధ్య గంటసేపు గట్టిగా మాట్లాడుకుంటూ కూర్చునేది రెస్టారెంట్‌లో మాత్రమే. 2020లో టేబుళ్ల మధ్య వదిలిన ఖాళీలు, ప్లాస్టిక్ అద్దాలు 2021 చివరికి చాలావరకు లేవు. న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. న్యూయార్క్ సిటీలో లోపల కూర్చుని తినాలంటే 2021లో టీకా కార్డు చూపించాల్సి వచ్చేది. ఫ్లోరిడాలో అలా అడగడాన్ని చట్టమే ఒప్పుకోదు, అడిగిన వ్యాపారికి జరిమానా పడుతుంది. పక్క టేబుల్ వాళ్లు టీకా వేసుకున్నారో లేదో అక్కడ ఎవరికీ తెలియదు.

దూరంగా కూర్చుంటే చాలదా అని చాలామంది అడుగుతున్నారు. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో, కిటికీలు లేని ఒక రెస్టారెంట్‌లో మూడు కుటుంబాలు పక్కపక్క టేబుళ్ల దగ్గర భోంచేశాయి. టేబుళ్ల మధ్య దూరం మీటరు దాకా ఉంది. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మీదుగానే తిరిగింది. జబ్బుతో వచ్చిన ఒకరితో కలిపి మొత్తం పదిమందికి కోవిడ్ వచ్చింది. ఆ కుటుంబాలు ఒకే సమయంలో పక్కపక్కన ఉన్నది 53 నుంచి 73 నిమిషాలే. దక్షిణ కొరియాలోని జియోంజు నగరంలో ఒక రెస్టారెంట్‌లో ఆరున్నర మీటర్ల దూరంలో ఉన్న ఒకరికి కూడా ఏసీ గాలి దారిలో కూర్చున్నందుకు అయిదు నిమిషాల్లోనే సోకింది. అంటే ఇక్కడ లెక్క అడుగులది కాదు, గాలిది. టేబుల్‌ను శానిటైజర్‌తో మూడుసార్లు తుడిచి, ఆ మూసిన గదిలోనే గంటసేపు కూర్చుంటే తుడిచిన శ్రమే మిగులుతుంది. తాకిన వస్తువుల ద్వారా సోకే అవకాశం చాలా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. తినేముందు చేతులు కడుక్కుంటే చాలు.

ఇక ఆరుబయట అంటే ఏది? పైకప్పు ఉన్నా పర్వాలేదు, కనీసం రెండు వైపులా గాలి ఆడాలి. పేరుకు పాటియో అయినా చలికి ప్లాస్టిక్ తెరలు మూడు పక్కలా దించేస్తే అది గది కిందే లెక్క. తలుపులు తీసి ఉన్న హాలు కూడా హాలే. కొందరు చేతిలో పట్టే కార్బన్ డయాక్సైడ్ మీటర్లు కొంటున్నారు, మంచిదే. ఆరుబయట 400 పైచిలుకు చూపిస్తుంది. కూర్చున్నచోట 800 దాటితే ఇతరులు వదిలిన గాలి పోగవుతోందని అర్థం. మీటరు లేకపోతే చెంపకు గాలి తగులుతోందా లేదా చూడండి, అదే మీ మీటరు. సీలింగ్ ఫ్యాన్ తిరిగేచోట పెద్దవాళ్లను గాలి వచ్చే వైపు కూర్చోబెట్టండి.

డిస్నీ నాలుగు పార్కుల్లో యానిమల్ కింగ్‌డమ్ ఈ విషయంలో అన్నిటికంటే సులువు. ఫ్లేమ్ ట్రీ బార్బెక్యూలో కూర్చునే చోటంతా బయటే. కౌంటర్ దగ్గర్నుంచి మెట్లు దిగుతూ నీటి ఒడ్డు దాకా పోతే అక్కడక్కడా మండపాలు, పైన ఫ్యాన్లు ఉంటాయి. జనం పైన కనిపించిన టేబుళ్ల దగ్గరే ఆగిపోతారు, ఇంకాస్త కిందికి దిగితే ఖాళీ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: అక్కడి తెల్ల కొంగల్లాంటి పక్షులకు మనుషులంటే భయం లేదు. ట్రే వదిలేసి నీళ్లకు వెళ్తే తిరిగొచ్చేసరికి ఫ్రెంచ్ ఫ్రైస్ వాటి ముక్కున ఉంటాయి. మెనూ మాత్రం మాంసాహారులకే ఎక్కువ. శాకాహారులకు అదే పార్కులో పాండోరా అనే భాగంలోని సటూలి క్యాంటీన్ నయం. అన్నం, బీన్స్ మీద టోఫు పెట్టి, నచ్చిన సాస్‌తో గిన్నెలో ఇస్తారు. కారప్పొడి పొట్లం జేబులో ఉంటే ఇంకా నయం. లోపల హాలు అందంగా ఉంటుంది, దానికి లొంగకుండా ట్రే తీసుకుని బయటి టేబుళ్లకు రండి.

హాలీవుడ్ స్టూడియోస్‌లో వుడీస్ లంచ్ బాక్స్‌కు అసలు లోపలి గదే లేదు. కిటికీలో ఇస్తారు, గొడుగుల కింద తింటారు. గ్రిల్డ్ చీజ్, టొమాటో సూప్ పిల్లలకు పడతాయి. టేబుళ్లు తక్కువ కాబట్టి పన్నెండుకి వెళ్తే నిలబడి తినాల్సిందే. సన్‌సెట్ బులవార్డ్ పక్కన ఉన్న సన్‌సెట్ రాంచ్ మార్కెట్‌లో పిజ్జాలు, బర్గర్లు దొరుకుతాయి, కుర్చీలన్నీ బయటే. రుచి గురించి పెద్దగా ఆశపడకండి, చోటు మాత్రం మంచిది.

ఎప్‌కాట్‌లో 2021 నవంబర్ 26 నుంచి డిసెంబర్ 30 వరకు హాలిడే ఫెస్టివల్. సరస్సు చుట్టూ సుమారు మైలుంబావు దారి పొడవునా చిన్న చిన్న స్టాళ్లు, చిన్న చిన్న ప్లేట్లు. ఈ సీజన్‌లో మాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. కాకపోతే శని, ఆదివారాల సాయంత్రాలు స్టాళ్ల ముందు లైన్లు భుజాలు రాసుకునేంత ఇరుకు. వారం మధ్యలో, స్టాళ్లు తెరిచిన మొదటి గంటలో తిరగండి. ఒకరు లైన్‌లో ఉంటే మిగతావాళ్లు దూరంగా టేబుల్ చూసుకోవచ్చు. మెక్సికో పెవిలియన్ పక్కన లా కాంటీనా డి సాన్ ఏంజెల్ నీటి ఒడ్డునే ఉంటుంది. అది మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాత్రి షోకి గంట ముందు నుంచి ఆ ఒడ్డంతా జనమే.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాస్త కష్టపడాలి. అక్కడ పేరున్న చోట్లు చాలావరకు లోపలే. పినోకియో విలేజ్ హౌస్, కాస్మిక్ రేస్ రెండింటికీ బయట కొన్ని టేబుళ్లున్నాయి. ద ఫ్రయర్స్ నూక్, కేసీస్ కార్నర్‌లలో కూర్చునేది ఎక్కువగా బయటే. టుమారోలాండ్ టెర్రస్ తెరిచి ఉన్న రోజైతే దాన్ని మించింది లేదు, పెద్ద కప్పు కింద అన్ని వైపులా గాలి. ఆ పార్కు రోజున మధ్యాహ్న భోజనం పదకొండు లోపే ముగించేలా మీ ప్లాన్ రాస్తాం.

సమయం గురించి నాలుగు మాటలు. పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా, మళ్లీ అయిదున్నర నుంచి ఏడు దాకా అన్నిచోట్లా రద్దీ. డిసెంబర్‌లో ఆర్లాండోలో పగలు 70 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది, బయట కూర్చోవడానికి ఇంతకన్నా మంచి వాతావరణం దొరకదు. సూర్యుడు మాత్రం అయిదున్నరకల్లా దిగిపోతాడు, రాత్రికి 50 దగ్గరికి చల్లబడుతుంది. చలేసిందంటే పెద్దవాళ్లు “లోపల కూర్చుందాం” అంటారు, అక్కడే ప్లాన్ చెడుతుంది. అందుకే రాత్రి భోజనం నాలుగున్నరకి పెడుతున్నాం. మళ్లీ ఆకలేస్తే గదిలో తినడానికి ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. అమ్మకు శాలువా, నాన్నకు స్వెటర్ ఉదయమే బ్యాగులో పెట్టేయండి.

మొబైల్ ఆర్డర్ దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువ. మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో కార్డు వివరాలు ఇంటి దగ్గరే పెట్టుకోండి. పొద్దున్నే, పార్కులోకి అడుగుపెట్టకముందే, మధ్యాహ్నం ఆర్డర్ వేసి టైమ్ స్లాట్ పట్టుకోండి. రద్దీ రోజుల్లో పన్నెండు గంటల స్లాట్లు త్వరగా అయిపోతాయి. రైడ్ ఆలస్యమైతే స్లాట్ మార్చుకోవచ్చు, కానీ “వచ్చేశాం, సిద్ధం చేయండి” అనే బటన్ నొక్కనంతవరకే. ఆ బటన్ నొక్కేది బయట టేబుల్ దొరికాకే. ముందే నొక్కేస్తే తిండి కౌంటర్ మీద చల్లారిపోతుంది, కుటుంబమంతా లోపల గుంపులో నిలబడాల్సి వస్తుంది. పిలుపు రాగానే ఒక్కరే, కేఎన్95 మాస్కుతో, లోపలికి వెళ్లి ట్రే తెచ్చుకోవాలి. ఆ ఒక్కరు టీకా పూర్తయిన పెద్దవాళ్లలో ఎవరైనా సరే. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఇదంతా ఆగిపోతుంది, పవర్ బ్యాంక్ మర్చిపోకండి.

శాకాహారులకు: డిస్నీ మెనూల్లో ఆకు గుర్తు ఉందంటే అందులో మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ లేవని. గుడ్డు కూడా ముట్టనివాళ్లకు ఇదే సులువైన దారి. ఆకు గుర్తున్న బర్గర్‌నైనా మామూలు బర్గర్లు కాల్చే పెనం మీదే కాలుస్తారేమో, ఫ్రైస్ చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడిగి తెలుసుకోండి. పట్టింపు ఉన్నవాళ్లు ఆర్డర్ వేయకముందే అక్కడి సిబ్బందిని పిలిచి మాట్లాడటం మంచిది.

ఇంటి తిండి తెచ్చుకోవచ్చా అని అందరూ మొహమాటంగా అడుగుతున్నారు. నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు, డిస్నీ ఒప్పుకుంటుంది. గాజు సీసాలు వద్దు, విడి ఐసు వద్దు, గడ్డకట్టించిన జెల్ ప్యాకులు వాడాలి. వేడి చేస్తే గానీ తినలేనివి తేకూడదు. పులిహోర, చపాతీ చుట్టలు, పొడి అద్దిన ఇడ్లీలు బాగా నిలుస్తాయి. పెరుగన్నం అయితే జెల్ ప్యాకు ఆనుకునే ఉండాలి, చల్లదనం లేకుండా రెండు గంటలు దాటితే తినకండి. విమానంలో మాత్రం ఆవకాయ చేతి సంచిలో పెట్టకండి. నూనె ఊరే పచ్చడి ద్రవం కింద లెక్క, వంద మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గరే వదిలేయాల్సి వస్తుంది. చెక్-ఇన్ సామానులో వేయండి. వండుకోవాలనుకునే కుటుంబాలకు వంటగది ఉన్న విల్లాలు, పక్క ఊరు కిసిమీ వైపు ఇళ్లు చూస్తాం. డిస్నీ మామూలు గదుల్లో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, పొయ్యి ఉండదు.

ఇప్పుడు అందరికీ నచ్చని మాట. క్యారెక్టర్ భోజనాలను (మిక్కీలాంటి పాత్రలు వచ్చి కనిపించే భోజనాలను) ప్యాకేజీ ప్లాన్‌లో మాకు మేముగా ఇక పెట్టం. గంట, గంటన్నర పాటు నిండిన హాలులో, మాస్కులు లేకుండా, పిల్లల కేకల మధ్య కూర్చోవాలి. పైగా 2021లో మిక్కీ దగ్గరికి వచ్చేవాడు కాదు, దూరం నుంచి చెయ్యి ఊపేవాడు, కౌగిలింతలు లేవు. అంత డబ్బుకు అది న్యాయం కాదని మా అభిప్రాయం. టేబుల్ రిజర్వేషన్ల మీద మాకు కమీషన్ రాదు, కాబట్టి ఈ సలహాలో మాకు లాభమూ లేదు, నష్టమూ లేదు. మీకు కావాలంటే అడగండి, తప్పకుండా చేస్తాం. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, క్రిస్మస్ వారానివి ఇప్పటికే చాలావరకు అయిపోయాయి. తెల్లవారే మొదటి టేబుల్ కోసం ప్రయత్నిస్తాం. ఆ సమయానికి హాలులో ఇంకా గాలి పోగై ఉండదు. రద్దు గడువు దాటాక వెళ్లకపోతే చాలాచోట్ల మనిషికి 10 డాలర్లు పట్టేస్తారు.

మేం మాటివ్వలేనిదీ ఒకటుంది. టేబుల్ సర్వీస్‌లో, అంటే టేబుల్ దగ్గరికే వడ్డించే రెస్టారెంట్లలో, బయటి సీటు ఖాయమని చెప్పలేం. చాలాచోట్ల బుకింగ్‌లో ఆ ఎంపికే ఉండదు, గుమ్మం దగ్గర అడగాలి. లేదంటే ఎంతసేపు ఆగాలో అడగండి. ఇరవై నిమిషాల్లోపు అయితే ఆగండి, దాటితే పక్కనున్న క్విక్ సర్వీస్‌కు (కౌంటర్ దగ్గర మనమే ట్రే తెచ్చుకునే చోటుకు) వెళ్లిపోండి. ప్రతి పూటకీ అలాంటి రెండో చోటు మీ ప్లాన్‌లో రాసి ఇస్తున్నాం. దీనికి ఫీజు పెంచడం లేదు.

పిల్లల టీకా లెక్క కూడా చూసుకోండి. ఫైజర్ రెండు డోసుల మధ్య 21 రోజులు, ఆపైన రెండు వారాలు. నవంబర్ 20న మొదటి డోసు అయితే రక్షణ పూర్తయ్యేది క్రిస్మస్ రోజుకే. ట్రిప్పు అంతకు ముందైతే ఆ పిల్లల్ని టీకా లేనివాళ్లుగానే లెక్కేస్తాం. ఇండియా తిరిగి వెళ్లే పెద్దవాళ్లకు 72 గంటల్లోపు చేయించిన ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ కావాలన్నది 2021 నాటి రూలు. డిస్నీ ట్రిప్పును వాళ్ల తిరుగు ప్రయాణం వారంలో పెట్టొద్దు, మధ్యలో కనీసం పది రోజులు వదలండి. ఇన్సూరెన్స్‌లో కోవిడ్ కవర్ అవుతుందో లేదో కాగితం మీద చదివి చూడండి.

డిసెంబర్‌లో వెళ్లేవాళ్లు ఈ వారాంతంలోపు మాకు ఇవి పంపండి: అందరి వయసులు, ఎవరి టీకా ఎంతవరకు వచ్చింది, గుడ్డు తింటారా తినరా, అలర్జీలు, పెద్దవాళ్లు ఎంతదూరం నడవగలరు, వీల్‌చెయిర్ కావాలా, పొద్దున ఎన్నింటికి ఆకలేస్తుంది. చివరిది సరదాకి అడగడం లేదు. మధ్యాహ్నం ఆర్డర్ ఏ స్లాట్‌లో వేయాలో దాన్ని బట్టే తేలుతుంది.