కంట్రోలర్ జాగ్రత్త, శ్రీనూ

ఒరేయ్ శ్రీనూ,

మీ కాలేజీలో పాత స్విచ్‌లు తీసేసి ఎస్‌డీఎన్ (స్విచ్‌లన్నిటికీ కంట్రోలర్ అనే ఒకే సాఫ్ట్‌వేర్ దారి చెప్పే నెట్‌వర్క్) పెడుతున్నారనీ, ఆ పని నీ చేతికే ఇచ్చారనీ చదివి ఎంత సంబరపడ్డానో! కానీ ఏ కంట్రోలర్ కొనాలి, ఎన్ని పోర్టులు కావాలి అని రెండు పేజీలు రాసినవాడివి, సెక్యూరిటీ దగ్గరకొచ్చేసరికి "అది తర్వాత చూద్దాంలే" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. అది చదివాక కుదురుగా ఉండలేకపోయాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చదువు.

అసలు ఈ దారి మొదలైందే సెక్యూరిటీ కోసంరా. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో మార్టిన్ కసాడో, నిక్ మెక్‌కియోన్ వాళ్లు ఈథేన్ అనే నెట్‌వర్క్ ఒకటి చేశారు. ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో ఒక్కచోట రాసిపెడతారు, కొత్తగా వచ్చిన ప్రతి ఫ్లోలో, అంటే ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లే ప్యాకెట్ల వరసలో, మొదటి ప్యాకెట్ ఆ కంట్రోలర్ సరేనన్నాకే కదులుతుంది. మరుసటి ఏడాది ఓపెన్‌ఫ్లో, అంటే కంట్రోలర్ స్విచ్‌లతో మాట్లాడే ప్రోటోకాల్, వచ్చింది ఆ ఆలోచన మీంచే. గొప్ప ఆలోచన, ఇప్పటికీ నాకు ఇష్టం. కాకపోతే ఇంట్లో తాళంచెవులన్నీ ఒకే గుత్తికి గుచ్చాం. ఆ గుత్తి ఎవడి చేతికి చిక్కితే క్యాంపస్ మొత్తం వాడిదే. కాబట్టి కంట్రోలర్‌నీ, దానికి స్విచ్‌లతో ఉన్న సంబంధాన్నీ కాపాడాకే మిగతా ఏ పనైనా.

స్విచ్‌కీ కంట్రోలర్‌కీ మధ్య లైను సంగతి ముందు చూడు. ఓపెన్‌ఫ్లోలో టీఎల్‌ఎస్ (మాటలు ఎవరూ చదవకుండా, మార్చకుండా కాపాడే ఎన్‌క్రిప్షన్) ఉంది, కానీ తప్పనిసరి కాదు. మామూలు టీసీపీతో కూడా హాయిగా పనిచేస్తుంది, అందుకే జనం అలాగే వదిలేస్తారు. నీ ల్యాబ్‌లోనే చూసుకో: కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టే మినీనెట్ నడిపి, ప్యాకెట్లు పట్టి చూపే వైర్‌షార్క్‌లో ఓపెన్‌ఫ్లో వాడే 6653 పోర్టు మీద వినిపించేదంతా పట్టు. స్విచ్‌లో రూల్ వెయ్యమని కంట్రోలర్ పంపే ఫ్లో-మాడ్ మెసేజ్ విప్పి చూస్తే ఏ ఐపీ, ఏ పోర్టు, ఏ యాక్షన్, అన్నీ తెరిచిన పుస్తకంలా కనిపిస్తాయి. మధ్యలో కూర్చున్నవాడు చదవడమే కాదు, మార్చి కూడా పంపగలడు. ఓపెన్ వీస్విచ్‌ (సాఫ్ట్‌వేర్ స్విచ్)లో కంట్రోలర్ అడ్రసు రాసేచోట టీసీపీ బదులు ఎస్‌ఎస్‌ఎల్ (అక్కడ టీఎల్‌ఎస్‌కి అదే పేరు) పెట్టి, రెండు వైపులా సర్టిఫికెట్లు ఇవ్వు. రెండు వైపులా అన్నది మరిచిపోకు.

ఎందుకంటే స్విచ్ "నా నంబర్ ఇది" అని చెప్పే డీపీఐడీని కంట్రోలర్ ఊరికే నమ్మేస్తుంది. ఇది ప్రోటోకాల్ హ్యాండ్‌షేక్‌లోనే ఉన్న లోపమని 2018లో సీవీఈ (బయటపడ్డ లోపాలకిచ్చే నంబరు) కూడా ఇచ్చారు. ఏదో ఒక సర్టిఫికెట్ సంపాదించిన స్విచ్ ఇంకో స్విచ్ పేరుతో వచ్చి కూర్చోవచ్చు. అందుకని ఏ సర్టిఫికెట్‌కి ఏ డీపీఐడీ చెల్లుతుందో కంట్రోలర్ దగ్గర ముడిపెట్టాలి.

నన్ను బాగా భయపెట్టేది ఇంకోటుంది. స్విచ్‌ల మధ్య ఏ లింకు ఎక్కడుందో కంట్రోలర్ ఎల్‌ఎల్‌డీపీ అనే, పక్కనెవరున్నారో కనుక్కునే ప్యాకెట్లు పంపి తెలుసుకుంటుంది కదా. ఒక స్విచ్‌లోంచి బయటికెళ్లిన ప్యాకెట్ ఇంకో స్విచ్‌లోంచి తిరిగొస్తే, ఆ రెంటి మధ్య తీగ ఉందని రాసుకుంటుంది. ఆ ప్యాకెట్‌ని హాస్టల్‌లో ఒక కుర్రాడి ల్యాప్‌టాప్ పట్టుకుని, ఇంకో స్విచ్ దగ్గరున్న స్నేహితుడి ల్యాప్‌టాప్‌కి దాటించి, అక్కడినుంచి లోపలికి వదిలితే? లేని లింకు మ్యాపులో పుడుతుంది. దగ్గర దారి దొరికిందని కంట్రోలర్ మిగతావాళ్ల ట్రాఫిక్‌ని ఆ ల్యాప్‌టాప్‌ల మీదుగా తిప్పుతుంది. 2015లో టోపోగార్డ్ అనే రక్షణ తయారుచేసిన పరిశోధకులు ఇది నిజంగా చేసి చూపించారు. ఎల్‌ఎల్‌డీపీకి సంతకం పెడితే దొంగ ప్యాకెట్ తయారుచేయడం ఆగుతుంది గానీ, అసలు ప్యాకెట్‌నే దాటించేవాణ్ని అది ఆపదు. అందుకే వాళ్లు పోర్టులను కూడా గమనించారు: హోస్ట్ (ల్యాప్‌టాప్ లాంటి మెషీన్) కనిపించిన పోర్టులోంచి ఎల్‌ఎల్‌డీపీ వస్తే అనుమానించాలి. తర్వాత పోర్టును ఒకసారి డౌన్ చేసి మళ్లీ అప్ చేస్తే అది హోస్ట్ పోర్టు అన్న గుర్తు చెరిగిపోతుందని 2018లో ఇంకొందరు బయటపెట్టారు. నీ క్యాంపస్‌లో తీగలు నీకు తెలుసు కదరా, ఏ పోర్టు స్విచ్‌కి, ఏ పోర్టు మనిషికి అన్నది చేత్తో రాసిచ్చెయ్. మనుషుల పోర్టుల్లోంచి వచ్చే ఎల్‌ఎల్‌డీపీని స్విచ్ దగ్గరే పారెయ్.

వరద దాడి నీకు తెలిసిందే. ఎవడో ప్రతి ప్యాకెట్‌కీ కొత్త సోర్స్ అడ్రసు పెట్టి కుమ్మరిస్తే, రూల్స్ ఉండే ఫ్లో టేబుల్‌లో లేని ప్రతిదానికీ స్విచ్ కంట్రోలర్‌ని అడుగుతుంది. ఇటు కంట్రోలర్ ఉక్కిరిబిక్కిరి, అటు ఫ్లో టేబుల్ నిండిపోతుంది. ఓపెన్‌ఫ్లో 1.3లో ట్రాఫిక్ వేగానికి హద్దు పెట్టే మీటర్లున్నాయి, స్విచ్ కొనేముందు అవి సరిగా పనిచేస్తాయో లేదో అడుగు. మామూలు దారులకు రూల్స్ ముందే వేసిపెట్టు.

ఒకవేళ కంట్రోలర్ పడిపోతే? ఓపెన్ వీస్విచ్‌లో ఫెయిల్-మోడ్ (కంట్రోలర్ లేనప్పుడు ఏం చెయ్యాలన్న సెట్టింగు) స్టాండలోన్‌లో ఉంటే, కాసేపు చూసి, తనంతట తాను మామూలు లెర్నింగ్ స్విచ్ అయిపోతుంది. నెట్ నడుస్తోందని అందరూ సంతోషిస్తారు. కానీ నువ్వు రాసిన అడ్డుగోడలేవీ అప్పుడు అడ్డు రావు. కంట్రోలర్‌ని పడగొట్టడమే లోపలికి దారి అన్నమాట. ఎగ్జామ్ సెల్, అకౌంట్స్ ఉన్న స్విచ్‌లకి, తనంతట తాను అలా మారిపోని సెక్యూర్ మోడ్ పెట్టు. నెట్ ఆగితే ఆగనీ. దీనిమీద మీ ప్రిన్సిపాల్ గారితో ముందే మాట్లాడి ఒప్పించు, ఆ రోజు వచ్చాక వాదించలేవు.

కంట్రోలర్‌ని కూడా గుడ్డిగా నమ్మకు. 2014లో ఓపెన్‌డేలైట్ అనే కంట్రోలర్‌లో నెట్‌డంప్ అనే లోపం దొరికింది. సెట్టింగులు మార్చే ప్రోటోకాల్ నెట్‌కాన్ఫ్ ద్వారా ఒక ఎక్స్‌ఎంఎల్ పంపితే కంట్రోలర్ మెషీన్‌లోని ఫైళ్లు చదివేయొచ్చు. ఆగస్టులో బయటపడితే డిసెంబరుకి గానీ సరిచేయలేదు, అప్పటికి ఆ ప్రాజెక్టుకు ఇలాంటి ఫిర్యాదులు చూసే సెక్యూరిటీ టీమే సరిగా లేదు. కాబట్టి ఏ కంట్రోలర్ తీసుకున్నా ముందు వాళ్ల సెక్యూరిటీ పేజీ, ప్యాచ్‌లు ఎన్నాళ్లకొస్తున్నాయో చూడు. ఫీచర్ల చిట్టా తర్వాత. అడ్మిన్-అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటిరోజే తీసెయ్. కంట్రోలర్ పేజీ క్యాంపస్ వైఫైలోంచి తెరుచుకోకూడదు, దానికి వేరే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ ఉండాలి.

సర్టిఫికెట్లు చేసేటప్పుడు చిరాకు పుడుతుంది, ముందే చెప్తున్నా. ఎక్కడ ఆగితే అక్కడ ఎర్రర్ ఫొటో తీసి పంపు, శనివారం కూర్చుని ఇద్దరం చూద్దాం. ఆ పోర్టుల జాబితా కూడా పంపు. పిన్ని గారిని అడిగానని చెప్పు.

నీ,
ప్రసాద్