మీటరు చూపే మైలేజీకీ బంకు బిల్లుకూ కుదరని లెక్కపై ఫిర్యాదు

విశాఖపట్నం,
నవంబరు 2025.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: నా అడ్వెంచర్ మోటార్‌సైకిల్ మీటరు పెట్రోలు వాడకాన్ని అసలు కంటే తక్కువగా చూపుతున్నందున, దానిని సరిచేయించి లిఖితపూర్వక వివరణ ఇవ్వవలసిందిగా కోరుట.

అయ్యా,

ఈ ఏడాది ఫిబ్రవరిలో విశాఖలోని మీ అధీకృత డీలరు వద్ద మీ కంపెనీ అడ్వెంచర్ మోటార్‌సైకిల్‌ను కొన్నాను. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇన్వాయిస్, మూడు సర్వీసుల జాబ్‌కార్డులు, పెట్రోలు బిల్లుల నకళ్లు ఈ లేఖతో జతపరుస్తున్నాను. మూడో సర్వీసులోనూ నా ఫిర్యాదుకు "కస్టమర్‌కు వివరించడమైనది" అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ దక్కనందున నేరుగా మీకే రాయవలసి వచ్చింది.

డీలరు ఇచ్చిన కరపత్రంలో లీటరుకు 30 కిలోమీటర్లనీ, 17 లీటర్ల ట్యాంకు నింపితే 500 కిలోమీటర్లు పోవచ్చనీ పెద్ద అక్షరాలలో ఉంది. "నిర్ణీత పరీక్షా పరిస్థితులలో" అన్న మాట కూడా ఉన్న మాట నిజమే గాని, అది పేజీ అడుగున కళ్లద్దాలు పెట్టుకుని వెతికితేనే కనబడుతుంది. ఆ పరిస్థితులు ఏమిటో నాకు తెలియనిది కాదు. డబ్ల్యూ.ఎం.టి.సి. అనే మోటార్‌సైకిళ్ల అంతర్జాతీయ పరీక్షా పద్ధతిలో బండిని ప్రయోగశాలలో రోలర్ల మీద నిలిపి, 75 కిలోల రౌతు బరువును లెక్కలోకి తీసుకుని, ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. అక్కడ ఎన్.ఏ.డి. కూడలి ఉండదు, సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం సిగ్నలూ ఉండదు. కనుక ప్రయోగశాలలో వచ్చిన అంకె నాకు రోజూ రావాలని పేచీ పెట్టడం లేదు.

నేను గాజువాక నుంచి మధురవాడకు ఉద్యోగానికి వెళ్లి వస్తాను, రానూపోనూ రోజుకు 52 కిలోమీటర్లు. ఏప్రిల్ నుంచి ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ట్యాంకు నుంచి ట్యాంకు లెక్క కట్టాను. బండికి మెయిన్ స్టాండు లేదు. సైడ్ స్టాండు మీద ఒరిగి ఉన్నప్పుడు నింపితే లెక్క తప్పుతుందని, ప్రతిసారీ నేనే దిగి బండిని నిటారుగా పట్టుకుని, పంపు మొదటిసారి తనంతట తాను ఆగినప్పుడే నాజిల్ తీయించేవాడిని. రౌండ్ ఫిగర్ చేస్తానని బంకు కుర్రాడు పోరుతున్నా ఒప్పుకోలేదు. ఆ కుర్రాడి దృష్టిలో నేను ఉత్త చాదస్తుడిని. ఇలా 14 సార్లు నింపిన లెక్క ఇది: తిరిగినది 4,312 కిలోమీటర్లు, పట్టిన పెట్రోలు 181.2 లీటర్లు, అంటే లీటరుకు 23.8. అదే దూరానికి మీ మీటరు చూపిన సగటు 28.4. ఉన్నదానికంటే 19 శాతం ఎక్కువ చెబుతున్నదన్న మాట. దీనికి తోడు ఫోనులోని జి.పి.ఎస్.తో పోల్చి చూస్తే 50 కిలోమీటర్లకు ఓడోమీటరు 50.9 చూపింది. ఆ తేడా కూడా తీసేస్తే దక్కుతున్నది లీటరుకు 23.4 మాత్రమే.

టైర్లలో గాలి తగ్గిందేమో, చెయిన్ ఎండిపోయిందేమో అని మీ సర్వీసు సలహాదారు అడిగారు. గాలి మీ పుస్తకంలో చెప్పిన మేరకు వారం వారం పట్టిస్తున్నాను, చెయిన్‌కు 500 కిలోమీటర్లకొకసారి ల్యూబ్ వేస్తున్నాను, గాలికి అడ్డుపడే పక్క పెట్టెలు ఊళ్లో తిరిగేటప్పుడు తీసేస్తాను, నా బరువు 72 కిలోలు. ఇవన్నీ చెప్పాక ఆయన "ఈ బండి కొనేవాళ్లు మైలేజీ చూసుకోరు సార్" అన్నారు. కొనేముందు మైలేజీ అంకెను అంత పెద్ద అక్షరాలలో అచ్చు వేసిన కంపెనీ తరఫున, కొన్నాక ఈ మాట వినవలసి రావడం నాకు వింతగా తోచింది. ఇక్కడ లీటరు 108 రూపాయలు దాటిన ఈ రోజులలో, 30కీ 23.8కీ మధ్య తేడా నాకు నెలకు 1,200 రూపాయల పైచిలుకు.

బండిలో లోపముందని గుడ్డిగా అనడం లేదని మీకు తెలియడానికి ఇంకొక సంగతి కూడా రాస్తున్నాను. సెప్టెంబరులో ఒక ఆదివారం ఆనందపురం నుంచి శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద, ద్విచక్ర వాహనాలకున్న 80 పరిమితి దాటకుండా నిలకడగా పోయి వచ్చినప్పుడు 246 కిలోమీటర్లకు 8.4 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 29.3. ఇంజను బాగానే ఉంది. దాదాపు 195 కిలోల బండిని సిగ్నలు సిగ్నలుకూ ఆపి, మళ్లీ మొదటి గేరులో కదిలిస్తే ఆ మాత్రం ఎక్కువ తాగడం సహజమే. ఊళ్లో 23, 24 వస్తుందని మొదటే చెప్పి ఉంటే నేను అప్పుడూ ఈ బండే కొనేవాడినేమో. ఆ మాట మీటరు కూడా దాచిపెట్టడం నన్ను అక్టోబరులో రోడ్డు మీద నిలబెట్టింది.

ఆ రోజు నా భార్యతో కలిసి చోడవరం మీదుగా పాడేరు వెళుతున్నాను. వి.మాడుగుల దాటేటప్పుడు మీటరు, ఉన్న పెట్రోలుతో ఇంకా 74 కిలోమీటర్లు పోవచ్చని చూపింది. పాడేరు అందులో సగం దూరమైనా లేదు కదా అని బంకులో ఆగలేదు. సరిగ్గా 23 కిలోమీటర్లు నడిచాక, ఘాట్ రోడ్డు మలుపులో బండి రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. తెర మీద మాత్రం "51 కి.మీ." అని వెలుగుతూనే ఉంది. ఎత్తు మీద పెట్రోలు వెనక్కి చేరి పంపుకు అందడం లేదేమోనని, బండిని వెనక్కి దొర్లించి కాస్త చదునుగా ఉన్న చోట నిలబెట్టి, అటూ ఇటూ ఊపి చూశాను. మూత తీసి ఫోను లైటు వేస్తే అడుగు రేకు తప్ప ఏమీ కనబడలేదు. చివరికి ఒక పాల వ్యాను అబ్బాయి నన్ను కింది ఊరి బడ్డీ కొట్టు దాకా తీసుకుపోతే, సీసాలో అమ్మే లీటరున్నర పెట్రోలు కొని తెచ్చుకున్నాను. అంతసేపూ నా భార్య ఆ మలుపులో హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని ఒంటరిగా పిట్టగోడ మీద కూర్చుని ఉంది. పాడేరు బంకులో ట్యాంకు నింపితే 15.8 లీటర్లు పట్టింది. సీసాలోది ఇంకా కొంత మిగిలి ఉండగానే అంత పట్టిందంటే, బండి ఆగినప్పుడు ట్యాంకు నిజంగానే ఖాళీ అని వేరే చెప్పనక్కరలేదు.

మా నాన్నగారి పాత స్కూటరుకు పెట్రోలు ముల్లే లేదు. బండి తుమ్మగానే కాలి దగ్గరి కొళాయిని రిజర్వుకు తిప్పి, దగ్గరలోని బంకుకు నడిపేవారు. ఆయన ఏనాడూ ఘాట్‌లో ఆగిపోలేదు.

ఇక ఎథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు సంగతి. ఎథనాల్ వల్లే ఇదంతా అని మీ సర్వీసు కేంద్రంలో తేల్చేశారు. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానికంటే దాదాపు మూడో వంతు తక్కువ కనుక, 20 శాతం కలిసిన ఇంధనంలో స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం శక్తి తగ్గుతుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇ20కి అనువైనదన్న గుర్తు మీరే బండి ట్యాంకు మూత దగ్గర అంటించారు కదా. అంతకంటే ముఖ్యంగా, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకున్నదో లెక్కగట్టే మీటరు ఖర్చయిన ఇంధనాన్ని చూపుతుంది. ఇ20 పోసినప్పుడు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సారు సూచన మేరకు ఇంజెక్టరు కొంచెం ఎక్కువసేపు తెరుచుకుంటుంది, ఆ ఎక్కువ కూడా మీటరు లెక్కలోకి రావాలి. ఎథనాల్ వల్ల మైలేజీ తగ్గితే తగ్గిన మైలేజీనే మీటరు చూపాలి గాని, తగ్గకముందు అంకెను చూపకూడదు. ఈ ప్రశ్న అడిగినప్పుడు మీ సలహాదారు "పై నుంచి అప్‌డేట్ వస్తుంది" అన్నారు. ఆ మాటన్నది జూన్‌లో.

కనుక మీ ఇంజనీరు సమక్షంలో, కొలత పాత్రతో పెట్రోలు పోసి నా బండి మీటరును, మిగిలిన దూరం చూపే అంకెను పరీక్షించి సరిచేయించండి. సరిచేసే సాఫ్ట్‌వేరు ఇంకా సిద్ధంగా లేకపోతే ఆ సంగతిని ఇదే మోడలు కొన్నవారందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి, ఎందుకంటే నాకు పగటిపూట పాడేరు దారిలో జరిగినది మరొకరికి రాత్రివేళ జరగవచ్చు. కరపత్రంలోని 30 అన్న అంకె ఏ పరీక్షలో, ఏ ఇంధనంతో వచ్చిందో నాకు కాగితం మీద ఇవ్వండి. నష్టపరిహారం గురించి ఇప్పుడు అడగడం లేదు, సీసా పెట్రోలు ఖర్చు నేనే భరించుకోగలను.

ఈ లేఖ అందిన 30 రోజులలోగా సమాధానం రాకపోతే, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనగా పరిగణించే వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(28) ఆధారంగా, ముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసి ఉంటుంది. బండిని పరీక్షకు ఏ శనివారమైనా తీసుకురాగలను. ముందు రోజు తెలియజేస్తే ట్యాంకును దాదాపు ఖాళీ చేసుకుని వస్తాను. ఎంత ఖాళీ అయిందో చూసుకోవడానికి మాత్రం మీటరు మీద ఆధారపడను.

ఇట్లు,
భవదీయుడు,
మీ వాహన కొనుగోలుదారు, గాజువాక

జతపరచినవి: ఇన్వాయిస్, జాబ్‌కార్డులు, 14 పెట్రోలు బిల్లులు, పాడేరు బంకు బిల్లు, ఆగిపోయిన బండి మీటరు ఫోటో.