గంటస్తంభం దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతున్నారు

సంపాదకుల వారికి,

విజయనగరంలో పర్యాటకాన్ని అభివృద్ధి చేస్తామని ఎవరైనా అన్నారంటే మా ఊళ్ళో అందరికీ ముందే తెలిసిపోతుంది, ఏదో ఒక కూడలికి రంగులు పడతాయి, ఒక ఫౌంటెన్ వస్తుంది, రాత్రిపూట లైట్లు, పక్కనే ఊరి పేరుతో సెల్ఫీ పాయింట్. అవి వద్దని నేననను. కానీ ఊరు చూద్దామని వచ్చినవాళ్ళకి ఇది ఫలానా, ఇక్కడ ఫలానాది జరిగింది అని చెప్పే మనిషి దొరకడు. ముందు ఆ మనిషిని పెట్టండి.

మొన్న సెలవులకి హైదరాబాద్ నుంచి మా అక్క, బావగారు పిల్లలతో వచ్చారు. గంటస్తంభం దగ్గర ఆటో దిగి ఫొటోలు తీసుకున్నాక చిన్నది "ఎవరు కట్టారు మావయ్యా, ఎందుకు కట్టారు?" అనడిగింది. 1885లో కట్టారని నాకు తెలుసు, ఎనిమిది పలకలున్నాయని దానికి కనిపిస్తూనే ఉంది, అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు, చుట్టూ చూస్తే చదువుకోడానికి నా కంటికి ఒక బోర్డు కూడా ఆనలేదు. కోట దగ్గరా ఇదే తంతు. లోపల కాలేజీలు నడుస్తున్నాయి, మంచిదే, అందుకే కోట ఈమాత్రం బాగుందనుకుంటాను. అయితే బయటివాళ్ళు లోపలికి వెళ్ళొచ్చా, ఏ రోజుల్లో, ఏ వేళల్లో అన్నది తెలీక గుమ్మం దగ్గరే తచ్చాడి వెనక్కి తిరుగుతున్నారు. ఆ వేళలేవో రాసి అతికించడానికి పెద్ద నిధులేం అక్కర్లేదు కదా.

నా అసలు బాధ బొంకులదిబ్బ గురించి. కన్యాశుల్కం చదివినవాళ్ళెవరైనా ఈ ఊరొస్తే ముందు అడిగేది దాని గురించే. తెర లేవగానే గిరీశం ఒంటరిగా నిలబడి, పూటకూళ్ళమ్మ సామాన్లకని ఇచ్చిన డబ్బు ఎలా తగలేశాడో తనకు తనే చెప్పుకునేది అక్కడే. ఆ నాటకం 1892లో మొట్టమొదట ఆడింది కూడా ఈ ఊళ్ళోనే. మా బావగారు తెలుగు మాస్టారు, ఆయన ఆ స్థలం చూడగానే "ఇదేనా?" అని రెండుసార్లు అడిగారు. ఇదే, బండ్లు పెట్టిన చోటే. ఊళ్ళో నాటకాల వాళ్ళకి కొదవేం లేదు. ఒక కుర్రాడికి కోటు తొడిగి, చేతికి చుట్ట ఇచ్చి, ఆదివారం పొద్దున్నే ఆ మొదటి రంగం ఓ ఐదు నిమిషాలు ఆడిస్తే, విశాఖ నుంచి గంట ప్రయాణం చేసి జనం రారా? అది అయ్యాక గురజాడ వారి ఇంటికి తీసుకెళ్ళాలి. అక్కణ్ణించి సంగీత కళాశాలకి. 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, చదువుకున్నవాళ్ళలో ఘంటసాల. పేర్లు వింటేనే ఒళ్ళు పులకరిస్తుంది, కానీ చూడ్డానికి వచ్చినవాడికి గోడలు తప్ప ఏం కనిపిస్తాయి? పిల్లల సాధన ఓ పావుగంట వరండాలో కూర్చుని విననిస్తే చాలు.

పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం సంగతి వేరే చెప్పక్కర్లేదు. విజయదశమి తర్వాతి మంగళవారం ఊళ్ళో అడుగు పెట్టే చోటుండదు. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమానుకి ముందు పాలధార, తెల్లఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఎందుకు నడుస్తాయో మాత్రం ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్ళలోనే చాలామంది చెప్పలేరు. 1757 బొబ్బిలి యుద్ధం, అన్న కోసం తల్లడిల్లిన పైడితల్లమ్మ, పెద్దచెరువులో దొరికిన విగ్రహం, ఇదంతా కాలినడకన తిప్పి చూపించగలిగినంత దగ్గరలో ఉంది.

గైడ్లని ఎక్కణ్ణించో తేనక్కర్లేదు. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలున్నారు, రిటైరైన మాస్టర్లున్నారు, వీళ్ళు వాళ్ళకి నేర్పిస్తారు. మన యాసలోనే చెప్పనివ్వండి, పుస్తకం బట్టీ పట్టించి అప్పగింతలు వద్దు. ఏది చరిత్రో, ఏది కథో మాత్రం విడదీసి చెప్పాలి. ఊరి పేరులో ఐదు విజయాలున్నాయన్న కథ నాకూ ఇష్టమే, కానీ దాన్ని కథగానే చెప్పాలి. రుసుం ఎంతో రైల్వే స్టేషన్లోనూ కోట దగ్గరా పెద్దగా రాసి పెడితే బేరాలుండవు, ఆ డబ్బు నేరుగా పిల్లలకే అందాలి.

భోగాపురం విమానాశ్రయంతో జిల్లా దశ తిరుగుతుందని అందరూ అంటున్నారు. దిగినవాళ్ళు నేరుగా అరకు, బొర్రా గుహలకి వెళ్ళిపోతే మనకి మిగిలేది దుమ్మే. సుందరీకరణ అంటే నాకు భయం కూడా, 2020లో ఆ పేరుతోనే మూడు లాంతర్ల పాత స్తంభాన్ని తీసేస్తే ఎంత గొడవైందో ఊరు మర్చిపోలేదు.

ఇంకొకటి, రాయకపోతే మా అక్క ఊరుకోదు. కోట నుంచి పెద్దచెరువు దాకా ఆడవాళ్ళు వెళ్ళగలిగే మరుగుదొడ్డి ఎక్కడుందో ముందు చూడండి, లేకపోతే కట్టించండి. ఆవిడ ఆ రోజు కాఫీ తాగాలని లేకపోయినా హోటల్లోకి వెళ్ళాల్సి వచ్చింది.

ఇట్లు
ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం